విండోస్ 11 వద్దు, సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలి: నాన్నగారి కంప్యూటర్‌కి తాళం వేసేదెలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: నాన్నగారు ఊళ్లో, మీరు బెంగళూరులో. ఇంట్లో డెస్క్‌టాప్ మీద విండోస్ 10 ఉంది. కొన్నాళ్లుగా ఆన్ చేయగానే విండోస్ 11కి మారమని స్క్రీన్ నిండా బొమ్మ వస్తోంది. ఆయన ఏదో ఒకరోజు దాన్ని నొక్కేస్తారని మీ భయం. అప్‌గ్రేడ్ రాకూడదు, నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం ఆగకూడదు.

సూటిగా చెప్పేస్తాను. వెర్షన్‌కి తాళం వేయండి, అప్‌డేట్ సర్వీసు జోలికి మాత్రం పోకండి. విండోస్‌లోనే ఒక పాలసీ ఉంది, అంటే ఇలాగే నడుచుకోవాలని మెషీన్‌కి చెప్పే సెట్టింగు. "ఈ మెషీన్ విండోస్ 10లో, 22హెచ్2 వెర్షన్ దగ్గరే ఉండాలి" అని దానికి చెప్పొచ్చు (22హెచ్2 అంటే విండోస్ 10కి వచ్చిన చివరి వెర్షన్). అది పెట్టాక 11 ఆఫర్ ఆగుతుంది, మిగతా అప్‌డేట్ల దారి తెరిచే ఉంటుంది. దానికంటే ముందు ఈఎస్‌యూ (గడువు తీరాక కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పొడిగింపు) అనే పథకంలో మెషీన్‌ని నమోదు చేయాలి. అది చేయకపోతే, మీరు కాపాడుకుందామనుకుంటున్న సెక్యూరిటీ అప్‌డేట్లే రావు. ఎలాగో కింద చెప్తాను.

తెనాలిలో చిన్న సర్వీసు షాపు నాది. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. "రాత్రి బాగానే ఉందండీ, పొద్దున్నకల్లా దానంతట అదే మారిపోయింది" అంటూ సీపీయూ చంకన పెట్టుకుని వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే నూటికి తొంభైమంది ఏదో ఒక నీలం బటన్ నొక్కినవాళ్లే. వాళ్ల తప్పనడం లేదు. ఒప్పుకునే బటన్ అరచేయంత, వద్దనే మాట చీమంత ఉంటే నొక్కేది ఏదో తెలిసిందేగా. స్క్రీన్ అడుగున సన్న అక్షరాల్లో "ప్రస్తుతానికి విండోస్ 10లోనే ఉంటాను" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఒకటి ఉంటుంది. మీ నాన్నగారు నొక్కాల్సింది దాన్నే.

ఇది కొత్త గొడవేం కాదు. విండోస్ 7, 8.1 వాళ్లకి 10ని ఉచితంగా ఇచ్చిన ఏడాది (2015 జులై 29 నుంచి 2016 జులై 29 దాకా) గుర్తున్నవాళ్లకి గుర్తుంటుంది. కేబీ3035583 అనే అప్‌డేట్ ద్వారా గడియారం పక్కన తెల్ల విండోస్ గుర్తొకటి వచ్చి కూర్చునేది. 2016 మే నాటికి ఆ పెట్టెకి మూల మీదున్న ఎర్ర ఇంటూ గుర్తు నొక్కి మూసేసినా, అప్పటికే నిర్ణయమైన అప్‌గ్రేడ్ ముహూర్తం అలాగే ఉండిపోయేది. ఇంటూ అంటే వద్దు అని ప్రపంచమంతా అనుకుంటుంటే అక్కడ అది సరే అయి కూర్చుంది. కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే టెరీ గోల్డ్‌స్టైన్ అనే ఆవిడ తన కంప్యూటర్ అడగకుండా మారి పాడైందని కోర్టుకెక్కి 10,000 డాలర్లు గెలుచుకున్నారు. ఆ ఏడాది చివర్లో మైక్రోసాఫ్ట్ మార్కెటింగ్ అధిపతి క్రిస్ కపోసెలానే హద్దు దాటామని ఒప్పుకున్నారు. ఇప్పుడు పరిస్థితి అంత మొరటుగా లేదు. 22హెచ్2 మీదున్న ఇంటి కంప్యూటర్‌కి విండోస్ 11 ఆఫర్‌గా వస్తుంది, ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. ఆ "ఎవరో ఒకరు" నాన్నగారు కావడమే మన సమస్య.

తాళం వేసే ముందు, అసలు అవసరమా అని చూడండి. విండోస్ 11కి టీపీఎం 2.0 (తాళంచెవుల్లాంటి రహస్య సమాచారం దాచే భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే ఏర్పాటు), ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ పైన ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ కావాలి. ఇంట్లో ఉన్నది 6వ, 7వ తరం ఐ3 అయితే ఆ మెషీన్‌కి అసలు ఆఫర్ రాదు. వచ్చే బొమ్మ "మీ విండోస్ 10 గడువు ముగిసింది" అనే నోటీసు అయ్యుంటుంది. అలాగే 32 బిట్ విండోస్ 10 ఉంటే నిశ్చింతగా ఉండండి. విండోస్ 11కి 32 బిట్ రూపమే లేదు, దాని మీద నుంచి నేరుగా మారే దారీ లేదు.

ఇంకొకటి. ఆ బొమ్మ బ్రౌజర్ లోపల వస్తూ, అందులో ఫోన్ నంబర్ కూడా ఉంటే అది మైక్రోసాఫ్ట్‌ది కానే కాదు, మోసగాళ్లది. నాన్నగారిని ఒక ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. చూడగానే మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఈఎస్‌యూ సంగతి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇంటి కంప్యూటర్లకి 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పొడిగింపు ఒకటి పెట్టారు, అదే ఈఎస్‌యూ. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీకి వెళ్లి విండోస్ అప్‌డేట్ తెరిస్తే నమోదు కమ్మనే లింకు కనిపిస్తుంది. అక్కడ మూడు దారులుంటాయి. పీసీ సెట్టింగులను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి బ్యాకప్ చేసుకుంటే ఉచితం. లేదా 1,000 రివార్డ్ పాయింట్లు ఇవ్వాలి. అదీ కాదంటే 30 డాలర్లకు సమానమైన మన డబ్బు కట్టాలి. ఏ దారిలో వెళ్లినా మైక్రోసాఫ్ట్ అకౌంట్ తప్పనిసరి. ఒక అకౌంట్ మీద 10 మెషీన్ల దాకా చేర్చుకోవచ్చు కాబట్టి మీ అకౌంట్‌తోనే నాన్నగారిదీ కలిపేయొచ్చు. మెషీన్ 22హెచ్2లో ఉండాలి. రన్ బాక్సులో (విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వస్తుంది) విన్‌వెర్ (winver) అని ఇంగ్లీషులో కొడితే ఏ వెర్షనో చిన్న పెట్టెలో చూపిస్తుంది.

తాళం వేసే పద్ధతి, ప్రో ఎడిషన్ అయితే. స్టార్ట్ నొక్కి గ్రూప్ పాలసీ అని వెతికితే ఎడిటర్ తెరుచుకుంటుంది. కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అందులో అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, అందులో విండోస్ కాంపొనెంట్స్, అందులో విండోస్ అప్‌డేట్, చివరగా విండోస్ అప్‌డేట్ ఫర్ బిజినెస్. కుడివైపు టార్గెట్ ఫీచర్ అప్‌డేట్ వెర్షన్‌ని ఎంచుకోమనే వరుస ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చేసి మొదటి గడిలో విండోస్ 10 అని, రెండో గడిలో 22హెచ్2 అని కొట్టండి. మొదటి గడి ఖాళీగా వదిలేసి వెర్షన్ ఒక్కటే నింపేవాళ్లున్నారు. రెండూ నింపడమే మంచిది. 22హెచ్2 పేరుతో విండోస్ 11లోనూ ఒక వెర్షన్ ఉంది, ఏ విండోసో చెప్పడానికే ఆ మొదటి గడి.

హోమ్ ఎడిషన్ అయితే గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉండదు. ఇళ్లలో ఉండేది ఎక్కువగా ఇదే. అదే పనిని రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోట, చేయాలి. రిజిస్ట్రీ ఎడిటర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి లోకల్ మెషీన్ శాఖలో సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఫోల్డర్ల దాకా దిగండి. అక్కడ విండోస్‌అప్‌డేట్ (WindowsUpdate) అనే ఫోల్డర్ లేకపోతే మీరే చేయండి, రెండు మాటల మధ్య ఖాళీ వదలకుండా. అందులో మూడు విలువలు పెట్టాలి. ప్రొడక్ట్‌వెర్షన్ (ProductVersion) అనే స్ట్రింగ్‌లో, అంటే అక్షరాలు పట్టే విలువలో, విండోస్ 10 అని (ఇక్కడ మాత్రం మధ్యలో ఖాళీ ఉండాలి). టార్గెట్‌రిలీజ్‌వెర్షన్ (TargetReleaseVersion) అనే 32 బిట్ డీవర్డ్‌లో, అంటే అంకె పట్టే విలువలో, 1. టార్గెట్‌రిలీజ్‌వెర్షన్‌ఇన్ఫో (TargetReleaseVersionInfo) అనే స్ట్రింగ్‌లో 22హెచ్2. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఒక్క అక్షరం తప్పినా అది ఏ ఎర్రర్ చూపించదు, ఊరికే పనిచేయదు. కాబట్టి రీస్టార్ట్ చేసి అప్‌డేట్ పేజీ తెరిచి చూసేవరకు పని అయినట్టు కాదు.

రిజిస్ట్రీ అంటే చేతులు వణికేవాళ్లకి ఇన్‌కంట్రోల్ అని ఒక చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. స్టీవ్ గిబ్సన్ రాసింది. 2016లో విండోస్ 10 రాకుండా ఆపడానికి నెవర్10 అనేది రాసిందీ ఆయనే. ఇన్‌కంట్రోల్ చేసేది పైన చెప్పిన పనే. నొక్కితే తాళం పడుతుంది, ఇంకోసారి నొక్కితే తీస్తుంది. ఎక్కడెక్కడి డౌన్‌లోడ్ సైట్ల నుంచో కాకుండా ఆయన సొంత సైటు నుంచే దించుకోండి.

తాళం పడగానే అప్‌డేట్ పేజీ పైన ఎర్ర అక్షరాలతో "కొన్ని సెట్టింగులను మీ సంస్థ నిర్వహిస్తోంది" అనే అర్థం వచ్చే వాక్యం కనిపిస్తుంది. రిటైరైన మాస్టారొకరు దాన్ని చూసి నాకు రాత్రి పదింటికి ఫోన్ చేశారు. "ఏ సంస్థయ్యా? నేను రిటైరై పదకొండేళ్లయింది!" అని. హ్యాక్ అయిందని ఆయన కంగారు. కంగారేం లేదు, పాలసీ పట్టిందనడానికి అదే గుర్తు. మీ నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి.

దూరం నుంచి ఎనీడెస్క్ లాంటి వాటితో చేసేట్లయితే ఒక చిక్కుంది. అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడిగే పెట్టె వచ్చినప్పుడు అవతల స్క్రీన్ మసకబారుతుంది, మీకు మాత్రం నల్లగా కనిపిస్తుంది లేదా కదలకుండా ఆగిపోతుంది. కనెక్షన్ పోయిందనుకోకండి. ఫోన్‌లో లైన్‌లోనే ఉండి "నాన్నా, ఎస్ అని ఉంటుంది, అది నొక్కు" అనండి.

ఈ తాళానికి హద్దులున్నాయి, దాచను. ఒకటి, హోమ్ ఎడిషన్‌లో ఈ పాలసీకి కంపెనీ అధికారిక భరోసా లేదు. నేను పెట్టిన మెషీన్లలో పట్టింది, అంతే చెప్పగలను. రెండు, వెర్షన్ గడువు దాటిన 60 రోజుల తర్వాత మెషీన్‌ని ముందుకు జరుపుతామని ఆ పాలసీ వివరణలోనే రాసి ఉంది. 22హెచ్2 ఆ గీత దాటేసింది. నేను చూసిన మెషీన్లు ఇంకా 10లోనే ఉన్నాయి కానీ, ఒక్క తాళాన్నే నమ్ముకుని నిద్రపోను. మూడు, ఇది విండోస్ అప్‌డేట్ గుండా వచ్చేదాన్నే ఆపుతుంది. పక్కింటి కుర్రాడొచ్చి ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్ (నేరుగా విండోస్ 11కి మార్చే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాం) దించి నడిపితే ఇదేం చేయలేదు. అందుకే నాన్నగారు రోజూ వాడే అకౌంట్‌ని స్టాండర్డ్‌గా మార్చి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర పెట్టుకోండి.

రెండో తాళం కావాలంటే బయోస్‌లో (విండోస్ లేవకముందే తెరిచే మదర్‌బోర్డు సెట్టింగులు) టీపీఎం ఆపేయడం. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ వాటిల్లో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. అది ఆగితే విండోస్ 11 లెక్కలో ఆ మెషీన్ అర్హత పోగొట్టుకుంటుంది, ఆఫర్ రాదు. డెస్క్‌టాప్‌లకి ఇది చక్కటి ఉపాయం. కానీ డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని ఫైళ్లకి రహస్య తాళం) ఉందేమో చూడకుండా ముట్టుకోవద్దు. ల్యాప్‌టాప్‌లలో మనకి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. బీఎస్సీ చదివే అమ్మాయొకతి వీడియో చూసి టీపీఎం ఆపేసింది. మర్నాడు నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతూ కూర్చుంది మెషీన్. ప్రాజెక్టు రికార్డంతా అందులోనే. పాత ఫోన్ నంబరుతో తెరిచిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉంది. ఆ నంబరు వాళ్ల అన్నయ్య దగ్గర, ఆయన మస్కట్‌లో. ఓటీపీ కోసం మూడు గంటలు మా షాపు బెంచీ మీదే కూర్చుంది పాపం. నిజానికి టీపీఎం మళ్లీ ఆన్ చేస్తే చాలా సందర్భాల్లో కీ అడక్కుండానే లేస్తుంది. ఈ అమ్మాయి ఆన్ చేయకుండా క్లియర్ నొక్కింది, దాంతో అందులోని తాళంచెవి చెరిగిపోయింది.

ఇక చేయకూడనివి. యూట్యూబ్‌లో అందరూ చెప్పేది సర్వీసెస్‌లోకి వెళ్లి విండోస్ అప్‌డేట్‌ని డిసేబుల్ చేయమని. చేసినా ఎక్కువ రోజులు నిలవదు. దాన్ని బాగుచేసి మళ్లీ లేపడానికి మెడిక్ అని ఇంకో సర్వీసు పక్కనే కాపలా ఉంటుంది. దాన్నీ రిజిస్ట్రీలో కొట్టేసేవాళ్లున్నారు. అప్పుడు స్టోర్‌లో యాప్ దిగదు, సెక్యూరిటీ ప్యాచ్ రాదు. ఒక కిరాణా హోల్‌సేల్ వాళ్ల మెషీన్‌కి ఎవరో అలా చేసి పెట్టారు. నా దగ్గరికి వచ్చేసరికి ఏడాదిన్నరగా ఒక్క ప్యాచ్ లేదు, రోజూ బ్యాంకు లావాదేవీలు మాత్రం అందులోంచే. పిల్లి వస్తుందని కిటికీ మూయమంటే ఇంటికి గాలే ఆడకుండా చేసినట్టుంది ఆ పని.

మీటర్డ్ కనెక్షన్ (ఈ నెట్‌లో డేటా పొదుపుగా వాడు అని విండోస్‌కి చెప్పే సెట్టింగు) అని పెట్టడం, అప్‌డేట్లను పాజ్ చేయడం (విండోస్ 10లో గరిష్ఠం 35 రోజులు) తాత్కాలిక ఉపశమనాలు. పరీక్షల వారం, పన్ను రిటర్నుల వారం లాంటప్పుడు పనికొస్తాయి. నెలల తరబడి వాటి మీదే ఉంటే సెక్యూరిటీ అప్‌డేట్లూ వెనకబడతాయి.

ఒకవేళ ఇప్పటికే నొక్కేసి ఉంటే? పది రోజుల లోపల వెనక్కి రావచ్చు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, అక్కడ గో బ్యాక్. ఫైళ్లు అలాగే ఉంటాయి, కొత్తగా వేసుకున్న ప్రోగ్రాంలు పోతాయి. ఎలాగైనా ముందు ఫొటోలు, పత్రాలు పెన్‌డ్రైవ్‌కి తీసుకోండి. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 పెద్ద అప్‌డేట్ ఒకటి కొందరి డాక్యుమెంట్లనే చెరిపేస్తే కొద్దిరోజుల్లోనే దాన్ని ఆపేయాల్సి వచ్చింది. అప్పటినుంచి నేను కాపీ లేకుండా ఏ మెషీన్ మీదా చేయి వేయను.

ఆ పది రోజుల విలువ తెలియాలంటే మా ఊళ్లోనే రెండు కథలున్నాయి. డీటీపీ సెంటర్ పెట్టుకున్న ఆయన, శుభలేఖలే బతుకుతెరువు. మాఘమాసం ముహూర్తాల రద్దీలో బటన్ నొక్కేశాడు. పేజ్‌మేకర్ తెరుచుకుంది కానీ తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్‌కి ఉండే పాత డాంగిల్ (అది గుచ్చి ఉంటేనే సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న పరికరం) డ్రైవర్ లేవలేదు. "చి.ల.సౌ." అని ఉండాల్సిన చోట అడ్డదిడ్డంగా ఇంగ్లీషు గుర్తులు. పెళ్లివాళ్లు ప్రూఫ్ కోసం గుమ్మంలో నిలబడ్డారు. ఎనిమిదో రోజున నా దగ్గరికి తెచ్చాడు, నలభై నిమిషాల్లో 10కి తిరిగొచ్చింది, ఫాంట్లు లేచాయి. అదే నెలలో మీసేవ పనులు చేసే కుర్రాడొకడు. వేలిముద్రల మెషీన్ పనిచేయడం లేదని వచ్చాడు, నాలుగో రోజే. ఇతనికి ఇంకా టైముంది కదా అనుకున్నాను. కానీ సీ డ్రైవ్ నిండిందని అంతకుముందు రాత్రి డిస్క్ క్లీనప్‌లో అన్ని గడులూ టిక్ పెట్టి కొట్టేశాడు. అందులో పాత విండోస్ గడి కూడా ఉంది. విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డరే వెనక్కి వచ్చే దారి, అది పోయింది. మొత్తం ఫార్మాట్ చేసి మళ్లీ మొదటినుంచి వేయడానికి రోజున్నర పట్టింది.

ఇంతా చెప్పాక నా అభిప్రాయం కూడా వినండి. పాత డాంగిల్, పాత ప్రింటర్, 4 జీబీ ర్యామ్‌తో తిరిగే హార్డ్‌డిస్క్, ఇలాంటి కారణం ఉంటే ఆపడం సబబే. "ఐకాన్లు మధ్యలోకి వచ్చేస్తాయట, నాన్నకి తికమక" అన్నదొక్కటే కారణమైతే మాత్రం నేను ఆపను. ఆ ఐకాన్లను ఎడమకి జరిపే సెట్టింగు టాస్క్‌బార్‌లోనే ఉంది. మెషీన్ అర్హతున్నదైతే, పండక్కి ఊరెళ్లినప్పుడు మీరే పక్కన కూర్చుని మార్చి, ఆయన రోజూ వాడే నాలుగు పనులూ చేయించి చూడండి. ఏదైనా తేడా వస్తే వెనక్కి రావడానికి పది రోజులుంటాయి. ఎటూ ఈఎస్‌యూ గడువు 2026 అక్టోబర్ 13 దాకానే.

అప్పటిదాకా మీరు చేయాల్సింది: ముందు ఈఎస్‌యూ నమోదు, తర్వాత తాళం, నెలకోసారి ఫోన్‌లో విన్‌వెర్ కొట్టించి వెర్షన్ చదివించుకోవడం. మీ కామెంట్‌లో హోమో ప్రోనో, ప్రాసెసర్ ఏదో రాయలేదు. ఆ రెండూ, నాన్నగారి ప్రింటర్ మోడలూ పెడితే తాళం అవసరమో కాదో ఇంకా కచ్చితంగా చెప్తాను. ఈలోగా చిన్న కాగితం మీద "నీలం బటన్ వద్దు, అడుగున సన్న అక్షరాలు" అని రాసి మానిటర్ అంచుకి అతికించమనండి. మాస్టారి మానిటర్‌కి ఇప్పటికీ ఉంది, ఆయనే ఎర్ర స్కెచ్‌తో అండర్‌లైన్ కూడా చేసుకున్నారు.